కుడి కంట్లో కింది సగం చీకటి: కంటి నరానికి రక్తం తగ్గిన ఒక కేసు

వయసు 58 ఏళ్లు, పురుషుడు. పొద్దున్నే ముఖం కడుక్కుంటుంటే కుడి కంటి చూపులో తేడా తెలిసింది. ఎడమ కన్ను మూసి అద్దంలో చూసుకుంటే నుదురు, కనుబొమలు కనిపిస్తున్నాయి; ముక్కు నుంచి కిందికి బూడిద రంగు గుడ్డ కప్పినట్టు ఉంది. నొప్పి లేదు, ఎరుపు లేదు, నీరు కారడం లేదు. ముందురోజు రాత్రి పడుకునే దాకా ఆ కంటితో బాగానే చదివారు. షుగర్ పెరిగి ఉంటుంది, తగ్గితే అదే సర్దుకుంటుంది అనుకుని రెండు రోజులు ఆగి, మూడో రోజు వచ్చారు.

ఈ రోగి ఒక ఫలానా వ్యక్తి కాదు. ఎన్‌ఏఐఓఎన్ (నాన్-ఆర్టెరిటిక్ యాంటీరియర్ ఇస్కీమిక్ ఆప్టిక్ న్యూరోపతి), అంటే రక్తం చాలక కంటి నరం ముందుభాగం దెబ్బతినే జబ్బు, సాధారణంగా ఎలా మొదలై ఎలా నడుస్తుందో చూపడానికి కూర్చిన కేసు ఇది. కొలతల అంకెలూ అందుకు తగ్గట్టు వేసినవే.

బీపీ తొమ్మిదేళ్లుగా ఉంది, షుగర్ ఆరేళ్లుగా. మెట్‌ఫార్మిన్, కొలెస్ట్రాల్‌కు అటోర్వాస్టాటిన్, బీపీకి అమ్లోడిపిన్ 5 మి.గ్రా., టెల్మిసార్టాన్ వాడుతున్నారు. ఈ టెల్మిసార్టాన్ దగ్గర కాస్త ఆగాలి. మూడు వారాల కిందట దాని డోసు 40 నుంచి 80 మి.గ్రా.కు పెరిగింది. అప్పుడే రెండు బీపీ మాత్రలూ రాత్రి పడుకునే ముందుకు మారాయి. చీటీ మీద చిన్న మార్పే అయినా, ఈ కేసులో దీనికున్నంత బరువు మరే వివరానికీ లేదు.

ముందు తేల్చాల్సింది

యాభై దాటిన మనిషికి నొప్పి లేకుండా ఒక కంటి చూపు ఉన్నట్టుండి పడిపోతే, ఏ జబ్బో పేరు పెట్టేలోపే ఒక ప్రశ్నకు జవాబు కావాలి: ఇది జెయింట్ సెల్ ఆర్టెరైటిస్ వల్ల వచ్చిందా? అది రక్తనాళాల గోడలు వాచే జబ్బు. అదే అయితే వైద్యం లేని పక్షంలో రెండో కన్ను కొన్ని రోజుల్లో, కొన్ని వారాల్లో పోవచ్చు. అందుకే కంట్లోకి చూడక ముందే కొన్ని ప్రశ్నలు అడగాలి. నమిలేటప్పుడు దవడ లాగేసి, కాసేపు ఆగితే తగ్గుతోందా? దువ్వుకుంటే తల మీద చర్మం నొప్పి పెడుతోందా? కణతల దగ్గర కొత్తగా తలనొప్పి మొదలైందా? పొద్దున లేస్తే భుజాలు, తుంటి పట్టేస్తున్నాయా? బరువు తగ్గారా, జ్వరం ఉందా? ఈమధ్య చూపు కొన్ని నిమిషాలు పోయి మళ్లీ వచ్చిందా, ఒకటి రెండుగా కనిపించిందా?

దవడ ప్రశ్నను "దవడ నొప్పి ఉందా" అని అడిగితే పంటి నొప్పి సంగతి చెబుతారు, లేదంటే లేదంటారు. "గట్టి పదార్థం నములుతుంటే మధ్యలో ఆపాల్సి వస్తోందా" అని అడిగితే సరైన జవాబు వస్తుంది. ఈయనకు ఇవేవీ లేవు. రెండు కణతల మీదా నాడి చేతికి తగిలింది, నొక్కితే నొప్పి లేదు.

ఈఎస్‌ఆర్, సీఆర్‌పీ, ప్లేట్‌లెట్ల లెక్క అదే పూట పంపాం, ఒంట్లో ఇలాంటి వాపు ఉంటే పెరిగే రక్తపరీక్షలివి. ఈఎస్‌ఆర్ గంటకు 18 మి.మీ., సీఆర్‌పీ లీటరుకు 3 మి.గ్రా., ప్లేట్‌లెట్లు 2.4 లక్షలు. మగవారికి వయసులో సగం, ఆడవారికి వయసుకు పది కలిపి అందులో సగం ఈఎస్‌ఆర్ పై హద్దుగా వాడుకలో ఉంది. ఆ లెక్కన ఈయన హద్దు 29. ఈఎస్‌ఆర్ ఒక్కటే మామూలుగా ఉందని నిబ్బరపడకూడదు. ఈ జబ్బు ఉన్నవారిలో కొందరికి అది పెరగదు. సీఆర్‌పీతో కలిపి చూస్తేనే నమ్మకం. ఈయనకు రెండూ మామూలే.

ఇక్కడే దారి రెండుగా చీలుతుంది. ఇదే కంటితో 74 ఏళ్ల మనిషి వచ్చి, నమిలితే దవడ లాగేస్తోందని చెప్పి, ఆప్టిక్ డిస్క్ (కంటి వెనక గోడలో కంటి నరం మొదలయ్యే గుండ్రటి చోటు) సుద్దలా తెల్లగా వాచి ఉంటే, రిపోర్టు కోసం గానీ బయాప్సీ (కణత రక్తనాళం ముక్క తీసి చేసే పరీక్ష) కోసం గానీ ఆగకూడదు. మిథైల్ ప్రెడ్నిసోలోన్ అనే స్టిరాయిడ్ రోజుకు 1 గ్రాము చొప్పున మూడు రోజులు రక్తనాళంలోకి ఎక్కించి, ఆ తర్వాత కిలో బరువుకు 1 మి.గ్రా. చొప్పున ప్రెడ్నిసోలోన్ మాత్రలకు మారాలి. స్టిరాయిడ్ మొదలుపెట్టిన రెండు వారాల్లోపు చేసిన బయాప్సీలో కూడా జబ్బు గుర్తులు దొరుకుతాయి. కణత నాళంలో వాపు ఒకచోట ఉండి పక్కన లేకపోవచ్చు, కాబట్టి ముక్క చిన్నదైతే జబ్బు తప్పిపోతుంది; ఒకటి నుంచి రెండు సెంటీమీటర్లు తీయించాలి. బయాప్సీ అయ్యాక ఇద్దాంలే అని స్టిరాయిడ్ వాయిదా వేయడమే ఈ దారిలో జరిగే అతి పెద్ద తప్పు.

కంట్లో కనిపించింది

చూపు కుడి 6/24, ఎడమ 6/6 (6/6 మామూలు చూపు; కింది అంకె పెరిగేకొద్దీ చూపు తక్కువ). రంగుల చూపును పరీక్షించే ఇషిహారా పుస్తకంలో కుడి కంటితో 17 పలకల్లో 9 చదివారు, ఎడమ కంటితో అన్నీ. కంటి ఒత్తిడి 14, 15, రెండూ మామూలే.

కనుపాపల పరీక్షకు ఒక నిమిషం చాలు గానీ తొందరలో చెడగొట్టేది కూడా దీన్నే. గది చీకటిగా ఉండాలి. రోగి దూరంగా గోడ మీద ఒక గుర్తును చూస్తుండాలి. టార్చి వైపు చూస్తే దగ్గరి చూపు వల్ల కనుపాపలు చిన్నబడి తేడా మాసిపోతుంది. వెలుగు గట్టిగా ఉండాలి. ఒక్కో కంటి మీద రెండు మూడు సెకన్లు నిలిపి, చటుక్కున రెండో కంటికి మార్చాలి. ఎడమ కంటి మీద వెలుగు పడగానే రెండు పాపలూ కుంచించుకున్నాయి. అదే వెలుగు కుడి కంటికి మారగానే రెండూ విచ్చుకున్నాయి. ఎదురుగా వెలుగు పడుతుంటే పాప పెద్దదవడం చూస్తే కంటి నరం దెబ్బతిన్నదని దాదాపు తేలినట్టే. శుక్లానికి ఈ తేడా రాదు. బాగున్న కంటి ముందు వెలుగు తగ్గించే ఫిల్టర్లు పెట్టి కొలిస్తే తేడా 0.9 లాగ్ యూనిట్లు. పాప విచ్చుకునే చుక్కలు వేశాక ఈ పరీక్షకు అర్థం లేదు. రోగి లోపలికి వచ్చే ముందే వరండాలో చుక్కలు వేసేయడం అలవాటుగా మారిన చోట ఈ గుర్తు ఎన్నోసార్లు పోతుంది.

చుక్కల తర్వాత రెటీనా చూశాం. కుడి ఆప్టిక్ డిస్క్ ఎర్రబారి వాచింది, పై సగంలో వాపు ఎక్కువ. పై అంచు దగ్గర మంట నాలుకల్లాంటి రెండు చిన్న రక్తపు చారలు. మాక్యులా (రెటీనా నడిమధ్య భాగం) బాగుంది, చెర్రీ ఎరుపు మచ్చ లేదు కాబట్టి రెటీనా ప్రధాన ధమని మూసుకుపోలేదు. రెటీనా ఊడలేదు, లోపల రక్తం చిమ్మలేదు. షుగర్ వల్ల అక్కడక్కడా చుక్కలున్నాయి గానీ చూపు తగ్గించేంత కాదు.

తర్వాత ఎడమ కన్ను. బాగున్న కంటిని శ్రద్ధగా చూడటం ఈ జబ్బులో సగం పని. ఎడమ డిస్క్ చిన్నది, నరం పోగులతో కిక్కిరిసి ఉంది. మధ్యలో ఉండాల్సిన గుంట దాదాపు లేదు, కప్-డిస్క్ నిష్పత్తి (డిస్క్ వెడల్పులో గుంట ఎంత వంతో చెప్పే అంకె) 0.1. రోగ నిర్ధారణకు అన్నిటికంటే ఎక్కువ సాయపడేది ఈ గుర్తే. వాచిన డిస్క్‌లో ముందు గుంట ఎంత ఉండేదో చెప్పలేం, రెండో కన్ను చెబుతుంది. అక్కడ గుంట 0.5 ఉంటే ఎన్‌ఏఐఓఎన్ అన్న మాటను మళ్లీ ఆలోచించాలి. జెయింట్ సెల్ ఆర్టెరైటిస్‌కు డిస్క్ సైజుతో పని లేదు.

చూపు నాలుగు వైపులా ఎంతవరకు ఉందో కొలిచే హంఫ్రీ 24-2 ఫీల్డ్ పరీక్షలో కుడి కంటి కింది సగం అడ్డంగా గీత గీసినట్టు పోయింది. మీన్ డీవియేషన్ (సున్నాకు ఎంత కిందైతే నష్టం అంత ఎక్కువ) −16.4 డెసిబెల్స్. ఎడమ −0.8. డిస్క్ పైభాగం దెబ్బతింటే చూపులో కిందిభాగం పోతుంది, కాబట్టి లోపల చూసినదీ ఫీల్డూ ఒకదానికొకటి సరిపోయాయి. రెటీనా పొరల మందం కొలిచే ఓసీటీ స్కాన్‌లో నరపు పోగుల పొర సగటు మందం కుడివైపు 178 మైక్రాన్లు, ఎడమవైపు 98. కుడివైపు అంకె వాపును చూపుతోంది. మొదటి వారంలో దాన్ని చూసి పొర బాగానే ఉందని చెప్పిన రిపోర్టులు ఉంటాయి, నమ్మకండి.

నిర్ధారణ: కుడి కంట్లో ఎన్‌ఏఐఓఎన్, అంటే రక్తనాళాల వాపు కారణం కాని రకం. ఎంఆర్‌ఐ తీయించలేదు. వయసు, నొప్పి లేకపోవడం, నిద్ర లేవగానే తెలియడం, వాచిన డిస్క్, అడ్డంగా సగం పోయిన ఫీల్డ్, రెండో కంట్లో కిక్కిరిసిన డిస్క్ అన్నీ కలిసినప్పుడు దాని అవసరం లేదు. కన్ను తిప్పితే నొప్పి వచ్చినా, వయసు యాభైకి లోపైనా, డిస్క్ వాపు లేకుండా చూపు పోయినా, రెండు వారాల తర్వాత కూడా దిగజారుతున్నా ఎంఆర్‌ఐ తప్పనిసరి. కంటి నరానికే ఇన్‌ఫ్లమేషన్ వచ్చే ఆప్టిక్ న్యూరైటిస్‌లో నొప్పి ఉంటుంది, మనిషి చిన్నవాడై ఉంటాడు, మూడింట రెండు వంతుల మందిలో డిస్క్ మామూలుగానే కనిపిస్తుంది.

లోపల ఏం జరుగుతుంది

సుమారు పన్నెండు లక్షల నరపు పోగులు ఒకటిన్నర మిల్లీమీటర్ల వెడల్పున్న రంధ్రం గుండా కన్ను దాటి వెళ్లాలి. ఆ చోటికి రక్తం ముఖ్యంగా కంటి వెనకనుండే పొట్టి పోస్టీరియర్ సిలియరీ ధమనుల నుంచి వస్తుంది. కంటి వైద్యుడు సోహన్ సింగ్ హైరే దశాబ్దాల పాటు చేసిన పని వల్ల ఈ రక్తపు దారులు స్పష్టమయ్యాయి. రంధ్రం ఇరుకైనవారిలో రక్తం కాస్త తగ్గితే పోగులు వాస్తాయి. వాచడానికి చోటు లేక పక్క పోగులను, సన్న నాళాలను నొక్కుతాయి. రక్తం ఇంకా తగ్గుతుంది, వాపు ఇంకా పెరుగుతుంది. మెడలోని కెరోటిడ్ ధమని నుంచి గడ్డ వచ్చి అడ్డుపడటం ఇక్కడి మామూలు కారణం కాదు. అందుకే కెరోటిడ్ స్కాన్‌ను ప్రతి ఒక్కరికీ రాయనక్కర్లేదు. రెటీనా ధమని మూసుకుంటే అది వేరే లెక్క.

రాత్రి నిద్రలో బీపీ తగ్గడం అందరికీ ఉన్నదే. పది నుంచి ఇరవై శాతం తగ్గితే మామూలు. ఇరవై దాటితే ఇరుకు డిస్క్ ఉన్న కంటికి అది కోత. ఎక్కువమంది నిద్ర లేవగానే చూపు పోయిందని గమనించడానికి హైరే చూపిన కారణం ఇదే. రాత్రి బీపీకీ ఈ జబ్బుకీ సంబంధం ఉందని వాదించడానికి ఆధారాలున్నాయి, ట్రయల్‌లో నిరూపణ కాలేదు. అయినా మాత్ర వేళ మార్చడం వల్ల నష్టం లేదు. 2022లో వైద్య పత్రిక లాన్సెట్‌లో వచ్చిన టైమ్ ట్రయల్ 21 వేల మందికి పైగా రోగుల్లో పొద్దున వేసుకున్నా సాయంత్రం వేసుకున్నా గుండెపోటు, పక్షవాతం విషయంలో తేడా లేదని చూపింది. రాత్రి మాత్ర వల్ల అదనపు లాభం లేనప్పుడు, కిక్కిరిసిన డిస్క్ ఉన్నవారికి దాన్ని రాత్రి ఇవ్వడానికి కారణం కనిపించదు.

ఏం చేశాం, ఏం చేయలేదు

పోయిన చూపును తెచ్చే నిరూపితమైన వైద్యం ఎన్‌ఏఐఓఎన్‌కు లేదు. ఈ మాట మొదటి రోజే, సూటిగా, కూర్చోబెట్టి చెప్పాలి. చెప్పకపోతే రోగి పది చోట్లకు తిరిగి పది రకాల ఇంజెక్షన్లు చేయించుకుంటారు. నరం తొడుగుకు కోత పెట్టి ఒత్తిడి తగ్గించే ఆపరేషన్ ఒకప్పుడు జరిగేది. 1995లో వచ్చిన ఇస్కీమిక్ ఆప్టిక్ న్యూరోపతి డీకంప్రెషన్ ట్రయల్ దాన్ని ఆపేసింది. ఆరు నెలలకు అక్షరాల చార్టులో మూడు వరసలు మెరుగుపడినవారు ఆపరేషన్ అయినవారిలో 32.6 శాతం, ఊరికే గమనించినవారిలో 42.7 శాతం. మూడు వరసలు కోల్పోయినవారు 23.9 శాతం, 12.4 శాతం. అంటే కత్తి పెట్టడమే చెరుపు చేసింది.

ఇంకో సంగతి కూడా ఆ అంకెల్లోనే ఉంది. ఏమీ చేయకపోయినా పదిమందిలో నలుగురికి చూపు కొంత తిరిగొచ్చింది. అందుకే "మా మందుతో మెరుగైంది" అన్న ప్రతి మాటనూ ఈ నలుగురితో పోల్చి చూడాలి. స్టిరాయిడ్ మాత్రల వల్ల లాభం ఉందని హైరే 2008లో చూపినది రోగులే తమ వైద్యాన్ని ఎంచుకున్న అధ్యయనం. చీటీలు తీసినట్టు పంచిన ట్రయల్ కాదు. ఈయనకు హెచ్‌బీఏ1సీ (సుమారు మూడు నెలల షుగర్ సగటును చూపే పరీక్ష) 7.8. తేలని లాభం కోసం షుగర్‌ను ఎగదోయడం సరికాదనిపించి స్టిరాయిడ్ ఇవ్వలేదు. కంటిలోకి ఇంజెక్షన్లూ ఇవ్వలేదు.

చేసిన పనంతా ఎడమ కంటి కోసమే. రెండో కన్ను ఐదేళ్లలో దెబ్బతినే అవకాశం ఆ డీకంప్రెషన్ ట్రయల్ రోగుల్లో సుమారు 15 శాతం. అదే కంటికి మళ్లీ రావడం అరుదు, ఐదు శాతానికి మించదు.

ఫిజీషియన్‌తో మాట్లాడి ఆ రోజే రెండు బీపీ మాత్రలూ పొద్దుటికి మార్పించాం. ఐదు రోజుల తర్వాత 24 గంటల బీపీ మెషీన్ పెట్టాం. పగటి సగటు 132/80, రాత్రి సగటు 101/57, తెల్లవారుజామున 3.20కి 88/48. అంటే 23 శాతం పడిపోతోంది. వేళ మార్చితే చాలదని ఈ అంకె చెప్పింది. టెల్మిసార్టాన్ 24 గంటలూ పనిచేసే మందు, పొద్దున వేసినా రాత్రికి దాని ప్రభావం ఉంటుంది. డోసు 80 నుంచి 40కి తగ్గించారు. మూడు వారాలకు మళ్లీ పెడితే పగలు 136/82, రాత్రి 114/65, తగ్గుదల 16 శాతం. క్లినిక్‌లో పగలు చూసిన ఒక్క బీపీతో ఇదేదీ తెలిసేది కాదు. రోగికి మాత్రం ఒక మాట గట్టిగా చెప్పాలి: బీపీ మాత్ర సొంతంగా ఆపకూడదు. కంటి నరాన్ని కాపాడబోయి మెదడును ప్రమాదంలో పెట్టినట్టవుతుంది.

నిద్రలో ఊపిరి ఆగే జబ్బుకూ ఎన్‌ఏఐఓఎన్‌కూ సంబంధం ఉంది కాబట్టి గురక గురించి అడిగితే ఆయన లేదన్నారు. భార్య ఉందన్నారు, మధ్యలో ఊపిరి ఆగినట్టు అవుతుందని కూడా అన్నారు. ఈ ప్రశ్న ఎప్పుడూ పక్కన పడుకునేవారినే అడగాలి. నిద్ర పరీక్షలో గంటకు 31 సార్లు ఊపిరి ఆగడమో తగ్గడమో జరిగింది, తీవ్రమైన స్లీప్ అప్నియా. నిద్రలో మాస్క్ ద్వారా గాలి అందించే సీపాప్ మెషీన్ మొదలైంది.

మరో ప్రశ్న ఆమె బయటికి వెళ్లాక అడిగాం: "మగతనానికి సంబంధించిన మాత్రలు ఎప్పుడైనా వాడారా? కంటి నరంతో వాటికి సంబంధం ఉంది కాబట్టి అడుగుతున్నాను." కారణం ముందే చెప్పి అడిగితే సిగ్గు తగ్గుతుంది. కాస్త ఆగి, అప్పుడప్పుడు సిల్డెనాఫిల్ 50 వేసుకుంటానని చెప్పారు. ఆ మాత్రల వివరాల్లో ఎన్‌ఏఐఓఎన్ హెచ్చరికను అమెరికా ఎఫ్‌డీఏ 2005లో చేర్పించింది. కారణమని తేలకపోయినా, ఒక కన్ను పోయినవారు మానేయడమే మంచిది. మానేశారు. షుగర్‌కు సెమాగ్లూటైడ్ మొదలుపెట్టే ఆలోచన ఉందని ఫిజీషియన్ చెప్పారు. దానివల్ల ఎన్‌ఏఐఓఎన్ చాలా అరుదుగా, పదివేల మందిలో ఒకరి దాకా రావచ్చని యూరోపియన్ మెడిసిన్స్ ఏజెన్సీ 2025లో తేల్చింది. ఈయనకు ఇప్పటికే ఒక కన్ను దెబ్బతింది కనుక వేరే మందు ఎంచుకున్నారు.

ఆస్పిరిన్ రెండో కన్నును కాపాడుతుందన్న ఆధారం గట్టిది కాదు. గుండె కోసం అవసరమా అన్నది ఫిజీషియన్‌కే వదిలాం.

తర్వాతి ఆరు నెలలు

వారం తర్వాత చూపు 6/36కు దిగింది. రోగి బాగా బెదిరిపోయారు. మొదటి రెండు వారాల్లో కొందరికి ఇలా దిగుతుందని ముందే చెప్పి ఉంటే ఆ భయం సగం తగ్గేది. చెప్పాల్సిన మాటల్లో ఇదీ చేర్చుకోవాలి. ఈఎస్‌ఆర్, సీఆర్‌పీ మళ్లీ చేయించాం, మామూలే.

ఆరు వారాలకు వాపు తగ్గుతూ ఓసీటీ సగటు 121. పది వారాలకు వాపు పూర్తిగా పోయి డిస్క్ పై సగం పాలిపోయింది, సగటు 64 మైక్రాన్లు. 178 నుంచి 98 మీదుగా 64కు దిగిన ఈ అంకె ఒక రోజున ఎడమ కంటితో సమానంగా కూడా ఉండి ఉంటుంది. ఆ ఒక్క రోజు రిపోర్టు చూస్తే నరం బాగైందనిపిస్తుంది. గాంగ్లియాన్ కణాల పొర (ఆ నరపు పోగులు పుట్టే కణాలున్న పొర) ఇలా మోసం చేయదు, వాపు ఉండగానే మూడు నాలుగు వారాల నుంచి పలచబడటం కనిపిస్తుంది. రెండున్నర నెలలు దాటినా వాపు పోకపోతే నిర్ధారణనే అనుమానించి ఎంఆర్‌ఐ తీయించాలి. గుండె లయ సరిచేసే అమియోడరోన్ మందు వాడేవారిలో వాపు నెలల తరబడి, తరచు రెండు కళ్లలోనూ ఉంటుంది.

ఆరు నెలలకు చూపు 6/12, ఫీల్డ్ −15.1. అక్షరాల వరసలు మెరుగైనా ఫీల్డ్ అలాగే ఉండటంలో వింత లేదు. మిగిలిన భాగంతో, తల కొంచెం వంచి చదవడం రోగి నేర్చుకుంటారు. రెండు కళ్లూ తెరిచి ఉంటే ఎడమ కన్ను ఆ లోటును చాలావరకు పూడుస్తుంది. కుడివైపు బాగా చివర, కింద ఉన్న వస్తువులు మాత్రం తగులుతాయి. గ్లాసులోకి నీళ్లు వంపేటప్పుడు, మెట్లు దిగేటప్పుడు దూరం అంచనా తప్పుతుంది. గ్లాసు అంచుకు పాత్ర మూతి ఆనించి వంపమని, చివరి మెట్టు అంచుకు మరో రంగు పట్టీ అతికించమని చెప్పాం. ఎడమ కన్నుకు దెబ్బ తగలకుండా పవర్ లేకపోయినా పాలీకార్బొనేట్ అద్దాలు రాశాం.

రోజూ పొద్దున ఒక్కో కన్ను మూసి గోడ మీది క్యాలెండర్ గళ్లు చూడమని రాసిచ్చాం. ఎడమ కంటిలో ఏ వరస మసకగా అనిపించినా షుగర్ తగ్గే దాకా ఆగకుండా అదే పూట రావాలి. ఎన్‌ఏఐఓఎన్ అయితే చేయగలిగింది తక్కువే, కానీ ఈసారి కారణం అది కాకపోవచ్చు. కనుపాపలు, ఈఎస్‌ఆర్, సీఆర్‌పీ, దవడ ప్రశ్న మళ్లీ మొదటి నుంచి చూడాలి. తర్వాతి ఫీల్డ్, ఓసీటీ ఆరు నెలలకు. అదే వారంలో 24 గంటల బీపీ మెషీన్ మరోసారి.